ఝాన్సీ పెదవులు, వరహాలు గొంతు

గోడమీది మేకు పాతదే. దానికి ఇన్నేళ్ళూ నల్ల మఖమలు గుడ్డమీద వెండిదారంతో కుట్టిన బైబిలు వాక్యం వేలాడేది. గురువారం పొద్దున్నే జోగులమ్మ దాన్ని దించి, పాత చీరలో చుట్టి, బియ్యం డ్రమ్ము వెనక్కి తోసేసింది. ఆ మేకుకే సింహాద్రి అప్పన్న పటం తగిలించింది. ఆ పటం వెనకవీధిలో ఉండే సింగన్నది. నాలుగు రోజులుంచుకుని ఇచ్చేస్తానని అడిగి తెచ్చుకుంది. ఒకళ్ళ వస్తువు మురికిగా తగిలిస్తే బాగోదని తడిగుడ్డతో అద్దం, చట్రం తళతళలాడేలా తుడిచింది. వాక్యం ఉన్నంత మేర గోడ తెల్లగా ఉండిపోయింది. పటం దానికన్నా చిన్నది కావడంతో చుట్టూ తెల్లటి అంచు మిగిలింది. ఆ అంచు కప్పడానికి అటకమీది డిసెంబరు పెట్టెలోంచి మెరుపు తోరణం తీసి చుట్టూ కట్టింది. దేవుడికి మెరుపులు కడితే కాదనేవాడెవడని ఆవిడ ధీమా.

కూతురు వరహాలక్ష్మి అదంతా చూస్తూ జడ వేసుకుంటోంది. ఆమెకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. కక్కలేక మింగలేక ఉండడమంటే ఏమిటో ఈ నెల్లాళ్ళుగా ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

టీచరు ఉద్యోగానికి ఆమె ఎంపికైంది ఎస్సీ కోటాలో. కిరస్తానం పుచ్చుకున్నవాళ్ళకి ఆ కోటా వర్తించదు. ఈ సంగతి నర్సీపట్నం శివారులోని ఆ పేటలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. అందుకే అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. చదువుకునే పిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. చర్చికి రావచ్చు, పాడవచ్చు, చాపలు పరచవచ్చు, క్రిస్మస్ నాటకంలో గొర్రెపిల్ల వేషం కూడా వెయ్యవచ్చు. నీళ్ళలో మాత్రం మునగకూడదు. ఉద్యోగం వచ్చాక చూద్దాం అంటారు. ఉద్యోగం వచ్చాక పదోన్నతి రానీ అంటారు. అలా రిటైరయ్యే దాకా ఒడ్డునే నిలబడ్డవాళ్ళు పేటలో ఇద్దరు ముగ్గురున్నారు.

వరహాలు చిన్నతనం నుంచీ ఆ చర్చిలో పాడుతోంది. నెలకోసారి ప్రభువు బల్ల అని రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు కూడా ఆమే పాడుతుంది. బాప్తిస్మం అయినవాళ్ళు వరసల్లో కూర్చుని, కళ్ళు మూసుకుని తీసుకుంటారు. పళ్ళెం ఆమె ముందునుంచే వెళ్ళిపోతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతి అయినా ఫరవాలేదంటారు గానీ, ఆమెకి బంతిలోనే చోటు లేదు.

ఉద్యోగం వచ్చిందనగానే ఎవరో పుణ్యాత్ముడు అర్జీ పెట్టాడు, ఈ కుటుంబం కిరస్తానీలని. దాని మీద విచారణకి రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్.ఐ. రమేష్‌బాబు ఆ మధ్యాహ్నం వచ్చాడు. నలభై దాటని మనిషి. గెడ్డం మాసి ఉంది. గుమ్మంలోనే నిలబడి గోడలన్నీ ఒకసారి చూశాడు. చర్చికి వెళ్తారా అని అడిగాడు.

"సిన్నప్పుడు మిఠాయిలిత్తారనీసి ఎల్లీది బాబూ" అంది జోగులమ్మ, కూతురు నోరు విప్పేలోగానే.

ఆయన తలాడించి, సోమవారం వచ్చి ఇరుగుపొరుగు వాంగ్మూలాలు తీసుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆ శుక్రవారం నుంచే ఊళ్ళో యువజన సువార్త సభలు. మూడు సాయంత్రాలు. మాకవరపాలెం, గొలుగొండ మండలాల నుంచి కూడా ఆటోల్లో, ట్రాక్టర్లలో కుర్రకారు వస్తారు. యలమంచిలిలో రైలు దిగేవాళ్ళ కోసం వ్యాన్లు పెట్టారు. స్థానిక బృందం పాడే ముఖ్యగీతం వరహాలుది. బస్టాండు దగ్గర ఫ్లెక్సీలో ఆమె ఫొటో వేసి ఉంటే, పాస్టరు సామ్యేలుగారు అర్జీ సంగతి వినగానే నిచ్చెన వేయించి, ఆ ఫొటో మీద ఝాన్సీ ఫొటో అంటింపించారు. ఝాన్సీ నర్సింగు చదువుతోంది. ఆమెది రిజర్వేషన్ల గొడవ లేని ప్రైవేటు కాలేజీ. బాప్తిస్మం ఎప్పుడో అయిపోయింది. చక్కటి పిల్ల. గొంతే కాస్త పలచన.

పాస్టరుగారు మంచివాడు. మంచివాళ్ళు వేసే ఉపాయాలు ఒక్కోసారి చెడ్డవాళ్ళ ఉపాయాలకన్నా గట్టిగా బిగుస్తాయి. సభలు యూట్యూబులో లైవు వెళ్తాయి కాబట్టి వరహాలు వేదిక మీద కనబడకూడదు. వరహాలు పాడకపోతే పాట నిలవదు. అందుకని ఝాన్సీ ముందు నిలబడి పెదాలు కదుపుతుంది, వరహాలు ఎల్.ఇ.డి. తెర వెనక కూర్చుని పాడుతుంది.

"ప్రభువుకి ముందూ వెనకా ఒకటేనమ్మా" అన్నారాయన.

వరహాలు సరేనండి అంది. ప్రభువుకి ఒకటేనేమో గానీ తనకి ఒకటి కాదని అనలేకపోయింది.

*

కీబోర్డు వాయించడానికి విశాఖ నుంచి వాసు వచ్చాడు. చవితి పందిళ్ళలో, పెళ్ళిళ్ళలో, సభల్లో అన్నిట్లోనూ అదే కీబోర్డు. దాని అంచున ఎప్పటిదో కుంకుమ మరక ఇంకా ఉంది. వాసునీ, కీబోర్డునీ ఎవరూ మతం అడగలేదు. డబ్బా మీద డబ్బా పెట్టి తెర వెనక వరహాలుకి చోటు చేసింది అతనే. బోర్లించిన కూల్‌డ్రింకుల ట్రే మీద గోనెపట్టా వేశాడు. చెవిలో పెట్టుకునే చిన్న స్పీకరు ఇచ్చాడు. ముందువైపు ఆకాశాలూ పావురాలూ కనిపించే ఆ తెరకి వెనక చూస్తే వట్టి వైర్లు, మినుకుమినుకుమనే ఎర్రటి లైట్లు. పొయ్యి పక్కన కూర్చున్నంత వేడి. అవతల జనరేటరు హోరు.

పెదాలు కలపడం అనుకున్నంత తేలిక కాదు. మాటలు కలిసినా ఊపిరి కలవదు. వరహాలు పొడుగు వాక్యం మధ్యలో ఊపిరి తీసుకునే చోట ఝాన్సీ నోరు తెరుచుకునే ఉండేది. వాసు నవ్వి, పాట ఆపేవాడు. చివరికి వరహాలు ఝాన్సీ వీపు మీద అరచెయ్యి వేసి నిలబడి, తను ఊపిరి తీసే ప్రతిచోటా వేళ్ళతో తట్టింది. అలా శుక్రవారం మధ్యాహ్నమంతా తట్టింది. సాయంత్రానికి ఝాన్సీ భుజాలు సరిగ్గా వరహాలు ఊపిరికే లేవడం మొదలుపెట్టాయి. పని బాగా కుదిరినందుకు వరహాలుకి సంతోషం వేసింది. తన ఊపిరిని కూడా ఇచ్చేశానని తోచి, ఆ సంతోషం అక్కడే చచ్చిపోయింది.

పాట పల్లవి ఇది:

గట్టు దాటించిన చెయ్యి ఎవరిదో
గొంతెత్తి నేను చెబుతాను

శుక్రవారం సాయంత్రం తెర వెనక కూర్చుని ఆ రెండో పాదం పాడుతుంటే సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. కానీ గొంతు గొంతే. మైదానం అటు చివర్నుంచి వేలమంది అందుకున్న పల్లవి తెర సందుల్లోంచి అలలా వచ్చి మీద పడింది. వాళ్ళు చూస్తున్నది ఝాన్సీని. పాట అయ్యాక పిల్లలు సెల్ఫీల కోసం ఝాన్సీ చుట్టూ మూగారు. వరహాలు చున్నీ తలమీంచి కప్పుకుని, వంట షెడ్డు పక్కనుంచి, ఏదో దొంగతనం చేసినదానిలా ఇంటికి నడిచింది. శనివారమూ అంతే. ఆ రోజు పాట ఇంకా బాగా వచ్చింది. అదే ఎక్కువ బాధ.

ఆదివారం పొద్దున్న ఝాన్సీ ఇంటికొచ్చి, నిన్న ఎవరో పెద్దావిడ తన గొంతు తడిమి చూసి ముద్దు పెట్టుకుందని చెప్పింది. చెబుతూ వరహాలు కాళ్ళవైపే చూసింది.

"ఆ ముద్దు నీదేనక్కా. నానేటి సేసుకోను?" అంది.

*

ఆదివారం ఆఖరి సాయంత్రం. ప్రసంగం అయిపోయింది. ప్రార్థన కోరుకునేవాళ్ళని ముందుకు రండి అని పిలిచే వేళ ముఖ్యగీతం పాడాలి. వరహాలు ట్రే మీద కూర్చుని, గోరువెచ్చటి నీళ్ళు రెండు గుక్కలు తాగి, మైకు చేతిలోకి తీసుకుంది. అప్పుడే తెర పక్కనున్న గుడ్డ తొలగించి పాస్టరుగారి భార్య ఎవరినో లోపలికి తీసుకొచ్చింది. ఒక ఆవిడ, తలమీద కొంగు. వెనక ఒక మగమనిషి. అందరి ముందూ వెళ్ళడం ఇష్టం లేనివాళ్ళకి వెనక ప్రార్థన చేసి పంపడం ఈ సభల్లో మామూలే. ఊళ్ళో పెద్ద ఇళ్ళవాళ్ళు చాలామంది ఇలా వెనకదారినే వస్తారు.

ఆ మగమనిషి ఆర్.ఐ. రమేష్‌బాబు.

వరహాలు లేచి నిలబడింది. మైకున్న చెయ్యి తనకు తెలియకుండానే చున్నీ కిందికి పోయింది. ఆయన కూడా ఆమెను చూసి ఆగిపోయాడు. తేలు కుట్టిన దొంగలు ఇద్దరు ఎదురుపడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"నువ్వేంటమ్మా ఇక్కడ?" అన్నాడు.

"నీళ్ళందించడానికి వచ్చానండి."

ఆయన భార్య పేరు రాజేశ్వరి. వానాకాలంలో వచ్చిన జ్వరానికి వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు పోయాడు. పాస్టరుగారి భార్య ఆ మాట మెల్లిగా చెప్పి, రాజేశ్వరిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. రమేష్‌బాబు దగ్గరికి వచ్చి, తాము ఇక్కడికొచ్చినట్టు ఎవరితోనూ అనవద్దని వరహాలుని బతిమాలినట్టుగా అడిగాడు. వాళ్ళ వీధిలో తెలిస్తే తలకో మాట అంటారట. వరహాలు తలూపింది. ఆయన ఇక్కడ మోకాళ్ళూని లేచినా, కోటాతో పనిలేని ఆయన కులం కాగితం చెక్కుచెదరదు. మహా అయితే వీధిలో మాటొస్తుంది. తనకి మాట కాదు, బతుకే పోతుంది. ఆయనకిది మొక్కు, తనకిది నేరం. ఆ క్షణంలో ఆమెకి ఆయనమీద జాలీ కోపమూ కలిసే వచ్చాయి.

అంతలో చెవిలో వాసు కీబోర్డు మోగింది. పాటకి ముందు వాయించే స్వరాలు.

వరహాలు చున్నీ కింద మైకుని గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు పాడితే, నీళ్ళందించడానికి వచ్చానన్న అబద్ధంతో సహా ఆయన చేతికి చిక్కుతుంది. పాడకపోతే, అవతల వేలమంది ముందు, కెమెరాల ముందు, ఝాన్సీ నోరు తెరుచుకుని వట్టి పెదాలతో నిలబడుతుంది. ఆ పిల్లకి ఇదేమీ తెలియదు. వీపు మీద తట్టినప్పుడల్లా ఎంత బుద్ధిగా ఊపిరి తీసిందో.

స్వరాలు ముగిశాయి. పాట ఎత్తుకోవలసిన చోటు వచ్చింది.

వరహాలు మైకుని గోనెపట్టా మీద పెట్టేసింది.

స్పీకర్లలో ఏమీ లేదు. తాళం మాత్రం నడుస్తోంది. ఆ ఖాళీ ఎంతసేపుందో గానీ, ఆమెకి జనరేటరు హోరు తప్ప మరేమీ వినబడలేదు. వాసుకి ఇలాంటివి అలవాటే. మొదటి స్వరాలే మళ్ళీ వాయించాడు. మళ్ళీ ఆ చోటు వచ్చింది. ఈసారి ఒక గొంతు లేచింది. పలచగా, వణుకుతూ, శ్రుతికి కొంచెం కిందగా. ఝాన్సీదే. రెండో పాదానికి జనం అందుకున్నారు. ఆ హోరులో ఎవరి గొంతు ఎవరిదో ఇక తెలియలేదు. పాట బతికింది. వరహాలు లేకుండానే బతికింది.

ప్రార్థన ముగిసినా రాజేశ్వరి కళ్ళు తెరిచి తెరవైపే చెవి పెట్టి కూర్చుంది. ఏదో పోగొట్టుకున్నట్టు అటూ ఇటూ చూసింది. రమేష్‌బాబు చూపు మాత్రం గోనెపట్టా మీది మైకు మీద కాసేపు నిలిచింది. తర్వాత భార్యని లేవదీసి తీసుకెళ్ళిపోయాడు.

వేదిక దిగి వచ్చిన ఝాన్సీ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నా గొంతుతో పాడితే ఎవులూ ఏటీ అన్లేదక్కా" అంది. "గానీ ఆ ముందు ఊరుకున్నప్పుడు నా పేనం పోయింది. నువ్వెనకాలున్నావనే కదా నాను ముందు నిలబడ్డాను."

*

సోమవారం రమేష్‌బాబు చెప్పిన వేళకే వచ్చాడు. ఈసారి కూర్చోమంటే కూర్చున్నాడు. పేట మొత్తం ఒకే నోటితో చెప్పింది, వీళ్ళు హిందువులేనని. చెప్పినవాళ్ళలో సగంమంది నిన్నటి సభలో ముందువరసలో చప్పట్లు కొట్టినవాళ్ళే. ఇంకా తల్లీకూతుళ్ళ వాంగ్మూలం మిగిలింది. ఆయన పెన్ను తీసి, ఒక ముక్క రాసి, ఆగి, పెన్ను పక్కన పెట్టాడు.

"ఒకటడుగుతానమ్మా. ఇది రాతలో ఉండదు" అన్నాడు. "మా ఆవిడ మొదటి రెండ్రోజులూ గ్రౌండు చివర నిలబడి ఆ పాట వింది. బాబు పోయాక ఆవిడ నిద్రపోయింది ఆ రెండు రాత్రులే. నిన్న పాడింది ఆ గొంతు కాదంటోంది. పొద్దుట్నుంచీ అదే అడుగుతోంది. అదెవరిదో నీకు తెలిస్తే చెప్పు."

వరహాలు ఆయన మొహంలోకి చూసింది. వల వేస్తున్నాడో, చెయ్యి చాస్తున్నాడో తెలియలేదు. ఎంత చూసినా తెలియలేదు. ఆ గెడ్డం, ఆ నిద్రలేని కళ్ళు రెండింటికీ సరిపోతాయి.

"ఆ ఝాన్సీదే బాబూ" అంది జోగులమ్మ గబగబా. "నిన్న జలుబు సేసుంటాది."

నిన్న వేదిక మీద ఝాన్సీ తెరిచిన నోరు వరహాలు కళ్ళముందు మెదిలింది.

"నాదేనండి" అంది.

అనేశాక ఒళ్ళు తేలికైంది. ఉద్యోగం పోయిందనుకుంది. పోతే పోయిందని మాత్రం అనుకోలేకపోయింది. ఆ ఉద్యోగం కోసం ఆమె చదివిన చదువు అలాంటిది.

రమేష్‌బాబు ఆశ్చర్యపోలేదు. తలెత్తి గోడమీది పటాన్ని చూశాడు.

"ముందు ఆ తోరణం తీసెయ్యండమ్మా" అన్నాడు జోగులమ్మతో. "అది క్రిస్మస్‌కి కట్టేది. పైవాళ్ళెవరైనా వస్తే దేవుడికన్నా ముందు అదే కనబడుతుంది. బంతిపూలు పెట్టండి. ఆ పటానికి బొట్టేది?"

జోగులమ్మ పటం వైపు చూసింది. తడిగుడ్డతో తాను తుడిచేసిన మురికి ఏమిటో ఆవిడకి అప్పుడు అర్థమైంది. నాలిక్కరుచుకుని, బేగి కుంకం తెస్తానంటూ లోపలికి పరుగెత్తింది.

"నేను రాసేస్తాను, నువ్వేం బెంగపెట్టుకోకు" అన్నాడాయన వరహాలుతో, గొంతు తగ్గించి. "వీలు చూసుకుని మా ఇంటికి ఒకసారి వచ్చి మా ఆవిడకి ఆ పాట వినిపించు. తలుపులేసుకుందాం. బయటికి వినబడదు. నీకూ ఇబ్బంది లేదు, నాకూ ఇబ్బంది లేదు."

గుండెమీంచి బండ దిగినట్టయింది ఆమెకి. ఆయన మంచివాడే. పాస్టరుగారిలాగే మంచివాడు. ఆయనా చోటు చూపిస్తున్నాడు, తెర వెనక ఇంకో తెర. ఉద్యోగం వస్తుంది. స్కూల్లో ఒక తెర, ఇంట్లో ఈ పటం, పాటకి మూసిన తలుపులు. రిటైరయ్యే దాకా ఒడ్డునే నిలబడ్డ ఆ ముసలివాళ్ళు ఆమెకి గుర్తొచ్చారు. వాళ్ళలో ఒకాయన ఇప్పటికీ చర్చి కిటికీ అవతల నిలబడే పాటలు వింటాడు. లోపలికి రమ్మంటే అలవాటు తప్పిపోయిందంటాడు.

"తలుపులేసుకుని పాడలేనండి" అంది.

రమేష్‌బాబు తలెత్తాడు.

"ఆదివారం మా చర్చిలో పాడతాను. ముందు నిలబడే. మేడంగారిని తీసుకురండి. బాప్తిస్మం నేను తీసుకోలేదు, అది నిజం. పాడతాను, అదీ నిజం. ఏది రాయాలో మీరే చూడండి."

కుంకం భరిణెతో వచ్చిన జోగులమ్మ గుమ్మంలోనే చతికిలబడింది.  ఆయన పెన్నుకి మూత పెట్టి, కాగితాలు సర్దుకుని లేచాడు. గుమ్మంలో జోగులమ్మని తప్పించుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. రాశాడో లేదో, ఏం రాస్తాడో చెప్పలేదు.

"ఉజ్జోగం కంటే పాట ఎక్కువైపోయిందేటే నీకు?" అంది జోగులమ్మ. "ఆయన మంచినీలు పోత్తంటే దోసిలి పట్టనేకపోయావు."

 వరహాలుని ఆ రోజంతా భయం వదల్లేదు. సాయంత్రం ఝాన్సీ దగ్గరికి వెళ్ళి, ఆదివారం ఇద్దరం పక్కపక్కనే నిలబడదాం అని మాత్రం చెప్పి వచ్చింది.

జోగులమ్మ వారమంతా కూతురితో ముక్తసరిగా మాట్లాడింది. శనివారం పటానికి బొట్టు పెట్టి, సింగన్న ఇంటికి పట్టుకెళ్ళి, పాత బొట్టు తుడిచేసినందుకు తప్పైపోయిందని చెప్పి ఇచ్చేసింది. మేకు ఖాళీగా మిగిలింది. మఖమలు గుడ్డ తీసి తగిలించడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. తీసెయ్యడానికి మేకూ రాలేదు.

*

ఆదివారం బల్ల రోజు. చర్చి చిన్నది. స్పీకరు ఒక్కటే, అది కూడా గోడవైపు తిరిగి ఉంది. వరహాలు ముందు నిలబడింది, పక్కన ఝాన్సీ. పాస్టరుగారు ఆమెని చూసి ఏదో అనబోయి, మానుకుని, రొట్టె పళ్ళెం మీది గుడ్డ తీశారు. రిపోర్టు సంగతి ఇంకా ఏమీ తెలియలేదు.

రెండో పాటకి ద్వారం దగ్గర చాపమీద ఒక ఆవిడ వచ్చి కూర్చుంది, తలమీద కొంగు. రాజేశ్వరి. ఒక్కతే.

వరహాలు చూపు ఆమెని దాటి బయటికి పోయింది. రోడ్డుకి అవతల మోటారుసైకిలు స్టాండు వేసి ఉంది. దానికి ఆనుకుని రమేష్‌బాబు నిలబడ్డాడు. తలమీద హెల్మెట్ తియ్యలేదు. లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. ఆ నిలబడడం వరహాలుకి బాగా తెలుసు. మాటలు విరిగిపోయి, రాగం మాత్రం చేరే చోటు అది.

పళ్ళెం వరసల మధ్య కదిలింది. ఆమె ముందునుంచి ఎప్పట్లాగే వెళ్ళిపోయింది. వరహాలు మైకు ఝాన్సీ చేతిలో పెట్టింది. రెండడుగులు ద్వారంవైపు వేసి, రోడ్డు దాటి వినబడేటంత గట్టిగా, వట్టి గొంతుతో పల్లవి ఎత్తుకుంది.